గ్రైండర్ రోటాలో లేని పేరు

నిఖితకి ఎవర్నీ కాదనడం చేతకాదు. ఇప్పుడు కాదు, చిన్నప్పట్నుంచీ అంతే. కరీంనగర్‌లో వాళ్ళ అమ్మమ్మకీ నాయనమ్మకీ పప్పులో పులుపు దగ్గర పేచీ వస్తే, పదేళ్ళ పిల్ల మధ్యలో కూర్చుని ఇద్దరి పప్పూ మారు వడ్డించుకుని మరీ తినేది. రాత్రికి కడుపునొప్పి. అయినా బుద్ధి రాలేదు. ముప్ఫై ఆరేళ్ళొచ్చాయి, మిల్టన్ కీన్స్‌లో ఇల్లుంది, మొగుడు కౌశిక్ ఉన్నాడు, ఏడేళ్ళ కూతురు సంజన ఉంది, లండన్‌లో ఓ యూనివర్సిటీలో ఐదేళ్ళుగా ఈడ్చుకొస్తున్న పీహెచ్‌డీ ఉంది. ఆ పీహెచ్‌డీకి ఇప్పుడు గండం వచ్చిపడింది. వచ్చింది సరిగ్గా ఈ బుద్ధివల్లే.

సంగతేమిటంటే, యూరప్‌లో ఇరవై ఏడు దేశాలు కూటమి కట్టాయి. ఒకప్పుడు ఒకళ్ళ ఊళ్ళు ఒకళ్ళు తగలబెట్టుకున్నవాళ్ళే అందులో చాలామంది. అలాంటివాళ్ళు బ్యాంకులకీ, ఇన్సూరెన్సుకీ, షేర్ల వ్యాపారానికీ కలిసి ఒకే రూల్స్ ఎలా పెట్టుకున్నారు? ఎవరు పెట్టించారు? దీనిమీద పండితులు రెండు జట్లు. ఎవరూ పనిగట్టుకుని పెట్టించలేదయ్యా, ఒక పనిలో చెయ్యి కలిపితే అదే ఇంకో పనిని వెంటబెట్టుకొస్తుంది అంటుంది ఒక జట్టు. అదేం కాదు, పెద్ద దేశాల పెద్దలు బల్ల చుట్టూ కూర్చుని ఎవరి లాభం వాళ్ళు చూసుకుని బేరమాడుకున్నారు అంటుంది రెండో జట్టు. నిఖిత మూడువందల పేజీల పొడుగునా ఈ జట్టుకో దండం, ఆ జట్టుకో దండం పెట్టుకుంటూ పోయింది.

"బ్రిటన్ ఆ కూటమిలోంచి బయటికొచ్చేసింది కదా, ఇంకా వాళ్ళ రూల్స్‌తో మీ ఆవిడకేం పని?" అని కౌశిక్‌ని ఆఫీసులో అడిగేవాళ్ళు. అతను పనిచేసేది ఇన్సూరెన్స్ కంపెనీలో. బయటికొచ్చిన పుణ్యమా అని సగం టీమ్‌ని, ఇంకా కూటమిలోనే ఉన్న డబ్లిన్‌కి పంపేశాక, ఆ ప్రశ్న అడగడం మానేశారు.

థీసిస్ మీద ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగే ఆఖరి పరీక్ష, వైవా, గురువారం. అంతకుముందు శుక్రవారం నిఖిత గైడు హెలెన్ ఉత్తుత్తి వైవా ఒకటి పెట్టింది. అలవాటు కోసమని.

"రెండు వాదాల్లో నీ వాదం ఏది?" అంది హెలెన్.

"రెండింట్లోనూ నిజం ఉంది," అంది నిఖిత.

"ఏది ఎక్కువ నిజం?"

"ఒక కోణంలో మొదటిది. ఇంకో కోణంలో రెండోది."

హెలెన్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "నిఖితా, నువ్వు థీసిస్ రాసినట్టు లేదు. పెళ్ళిలో మగపెళ్ళివాళ్ళు అలుగుతారేమో, ఆడపెళ్ళివాళ్ళు అలుగుతారేమో అని తిరుగుతున్నట్టుంది. మొన్న మీ బంధువుల పెళ్ళికి పిలిచావు కదా, అక్కడ చూశాను ఇలాంటి మనిషిని. నీ మాట ఒక్కటి చెప్పు. చెప్పలేకపోతే గురువారం నిన్ను వెనక్కి పంపిస్తారు, ఇంకో ఏడాది రాయమని. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ఫెర్గస్సన్. బేరం జట్టులో పెద్ద తలకాయ. ఊరికే తలూపితే వదిలే రకం కాదు."

ఇంకో ఏడాది! ఐదేళ్ళలో సంజనవి రెండు స్కూల్ కన్సర్ట్‌లు తను చూడలేదు. కౌశిక్ వంట నేర్చుకున్నాడు, అది ఇంటిల్లిపాదికీ శిక్షే. ఇంకో ఏడాది అంటే తన వల్ల కాదు. రైలు దిగి ఇంటికి కారు నడుపుతుంటే రౌండెబౌట్ తర్వాత రౌండెబౌట్. ఆ ఊళ్ళో రోడ్లన్నీ అంతే. ఒక రౌండెబౌట్ చుట్టూ రెండుసార్లు తిరిగింది, ఎటు దిగాలో తేల్చుకోలేక.

ఇంటికొచ్చేసరికి గ్యారేజీలో గ్రైండర్ గర్రుమంటోంది.

ఈ గ్రైండర్ కథ కొంచెం చెప్పుకోవాలి. పక్క వీధిలో ఒక ఇండియన్ రెస్టారెంట్ మూసేస్తూ, పెద్ద రాతి గ్రైండర్‌ని తీసుకుపొమ్మని ఎలిజబెత్ ఆంటీకి ఊరికే ఇచ్చేశారు. ఎలిజబెత్ ఆంటీది బాపట్ల. నర్సు. రెండిళ్ళ అవతల ఉంటుంది. నెలనెలా చర్చిలో తెలుగువాళ్ళ ఫెలోషిప్ భోజనాలకి గారెల పిండి రుబ్బేది ఆవిడే. అయితే ఆ గ్రైండర్ ఆవిడ వంటింట్లో పట్టలేదు. నిఖిత వాళ్ళ గ్యారేజీలో కారు తప్ప అన్నీ ఉంటాయి కాబట్టి, ఇదీ ఒక మూల చేరింది. అప్పుడే జగిత్యాల నుంచి నిఖిత అత్తగారు లక్ష్మీబాయి ఆరు నెలల వీసామీద దిగింది. శనివారం ఒక్కపొద్దు ఉండే ఆడవాళ్ళని నలుగురిని పోగేసి, ఇంట్లో టిఫిన్లు మొదలెట్టింది. ఇంకేం, గ్రైండర్ ఇద్దరిదీ అయ్యింది. తర్వాత పప్పు నానబెట్టే బకెట్లు ఉమ్మడి అయ్యాయి. పిండి పెట్టుకోడానికి గ్యారేజీలో పాత ఫ్రిజ్ వచ్చింది. ఆ తర్వాత వాట్సాప్ గ్రూపు. పది ఇళ్ళు.

ఆ శుక్రవారం సాయంత్రం ఎలిజబెత్ ఆంటీ పెసరట్టు పిండి రుబ్బింది. పచ్చిమిరపకాయలు, అల్లం దండిగా వేసి. డ్యూటీకి టైమవుతోందని రాళ్ళమీద ఒక్క చెంబు నీళ్ళు పోసి, తుడిచి వెళ్ళిపోయింది.

శనివారం తెల్లారి లక్ష్మీబాయి అదే గ్రైండర్లో ఇడ్లీకి మినప్పప్పు రుబ్బి, పులిసే టైము లేక కాస్త సోడా కలిపింది. తొమ్మిదింటికి నలుగురు ఆడవాళ్ళూ ఇడ్లీ కుక్కర్ చుట్టూ చేరారు. మూత తీశారు.

"నానమ్మా, ది ఇడ్లీ ఈజ్ గ్రీన్!" అని సంజన చప్పట్లు కొట్టింది. ముక్క నోట్లో పెట్టుకుంది. తర్వాత పావుగంటసేపు దాని చేతిలోంచి పాలగ్లాసు దిగలేదు.

లక్ష్మీబాయికి తల కొట్టేసినట్టయింది. వచ్చినవాళ్ళు నవ్వుకుంటూనే తిన్నారనుకోండి. అందుకు ఆవిడకి ఇంకా మండింది.

"చూసినవానే నిఖితా? ఒక్కపొద్దు నాడు ఇజ్జత్ తీసిపెట్టింది. ఒక్క చెంబు నీళ్ళు పోస్తే కడిగినట్టా? ఆ పెసర్లు ఈ గ్రైండర్ల ఎయ్యొద్దని చెప్పు."

"నువ్వన్నది నిజమే అత్తమ్మా," అంది నిఖిత.

రాత్రి డ్యూటీ దిగి ఓ కునుకు తీసి, సంగతి గ్రూపులో చూసి, మధ్యాహ్నం ఎలిజబెత్ ఆంటీ వచ్చింది. "ఏవమ్మా, కాస్త మిరపకాయ తగిలితే అంత రాద్ధాంతమా? చేపముక్క కాదుగా తగిలింది! రుబ్బేముందు రాయి కడుక్కోవాల్సింది ఎవరు? రుబ్బుకునేవాళ్ళు కాదూ? బాపట్లలో మా అమ్మ రోలు ముందు కడిగాకే పప్పు పోసేది."

"మీరన్నదీ కరెక్టే ఆంటీ," అంది నిఖిత.

సాయంత్రానికి ఇద్దరూ గ్యారేజీ దగ్గర ఎదురుపడ్డారు. నిఖిత నన్నే సమర్థించిందని ఈవిడ, కాదు నన్నే సమర్థించిందని ఆవిడ. రెండు నిమిషాల్లో దొంగ దొరికిపోయింది. ఇద్దరూ కొట్లాట అక్కడే ఆపేసి, కలిసికట్టుగా హాల్లోకి వచ్చి నిఖిత ముందు నిలబడ్డారు.

"అటు ఒక మాట, ఇటు ఒక మాట. గిదేందే? గోడ మీది పిల్లిలెక్క," అంది లక్ష్మీబాయి.

"పెద్ద చదువు చదివావు, ఏదో ఒకటి తేల్చమ్మా," అంది ఎలిజబెత్ ఆంటీ. "ఎవరి వంతు ఎప్పుడో కాయితం మీద పెట్టు. రోటా రాయి. వదినగారూ, మీకు తెలీదు గానీ, ఇరవై ఏళ్ళలో ఎన్ని వార్డులు మారానో! ఎక్కడైనా గొప్పోళ్ళు డాక్టర్లనుకుంటాం. కాదు. రోటా రాసే సిస్టర్. క్రిస్మస్ నైట్ డ్యూటీ ఎవరికైనా పడుద్ది, రోటా రాసే ఆవిడకి మటుకు పడగా నేను చూళ్ళేదు."

ఆదివారం పొద్దున్న నిఖిత ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. వైవాకి నాలుగు రోజులుంది, ఈ గోలేమిటి దేవుడా అనుకుంటూనే రాసింది. పెసరట్టు పిండి శుక్రవారమే. శనివారం ఇడ్లీకి, గారెలకి. రుబ్బినవాళ్ళు కాక, రోజుకొకరు వంతులవారీగా మూడుసార్లు కడగాలి. పది నుంచి రెండు దాకా గ్రైండర్ వెయ్యకూడదు. ఇద్దరినీ విడివిడిగా అడిగి, కొంచెం అటు జరిపి, కొంచెం ఇటు జరిపి, పది ఇళ్ళవాళ్ళ పేర్లూ వేసి, కాగితం అచ్చుతీసి ఫ్రిజ్‌కి అంటించింది. సోమవారానికి గ్రూపులో అందరూ దండాల బొమ్మలు పెట్టారు.

ఇద్దరు పెద్దవాళ్ళకీ సంబరమే. "నే ముందే అనుకున్నా," అంది ఎలిజబెత్ ఆంటీ టీ తాగుతూ. "గ్రైండర్ ఒకటే కదా అనుకుంటాం. అది బకెట్‌ని తెచ్చుద్ది, బకెట్ ఫ్రిజ్‌ని తెచ్చుద్ది, ఫ్రిజ్ రూల్స్‌ని తెచ్చుద్ది. దానంతట అదే." ఆవిడ వెళ్ళాక లక్ష్మీబాయి మూతి తిప్పింది. "దానంతట అదే ఎట్లొస్తది? నేను శుక్రవారం ఇడిసిన, ఆమె శనివారం తెల్లారి ఇడిసింది. బేరం జేసుకున్నం గనక అయింది." నిఖిత ఇద్దరికీ తలూపింది. తలూపుతూ ఉంటే ఈ మాటలు ఎక్కడో విన్నట్టే అనిపించింది గానీ, మనసంతా వైవా భయం. పట్టించుకోలేదు.

బుధవారం మధ్యాహ్నం. రేపే వైవా. నిఖిత వంటింటి బల్లమీద థీసిస్ తెరుచుకుని, హెలెన్ అడిగిన ప్రశ్నే తనని తాను అడుగుతోంది. జవాబు రావట్లేదు. లక్ష్మీబాయి గ్యారేజీలోంచి కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది, చేతిలో రోటా కాగితంతో.

"ఏమే, దీంట్ల అందరి పేర్లున్నయ్ గద?"

"ఉన్నయ్ అత్తమ్మా. పది ఇండ్లోళ్ళవి."

"నా పేరుంది. సిస్టరమ్మ పేరుంది. మన కౌశిక్ పేరు గూడ రాసినవ్, ఆదివారం కడుగుడని. పాపం వాడికి గ్రైండర్ ఎటు తిరుగుతదో తెల్వదు." కాగితం నిఖిత ముందు పెట్టి వేలు ఆనించింది. "నీ పేరేదే?"

నిఖిత చూసింది. పై నుంచి కిందికి చూసింది. లేదు.

"పది నుంచి రెండు దాకా ఎయ్యొద్దన్నవ్. అది నువ్వు చదువుకునే టైమ్. పెసరట్టు శుక్రవారమన్నవ్. శుక్రవారం నువ్వు లండన్ పోతవ్, నీకు ఆ వాసన పడదు. మేమిద్దరం బేరం జేసినం అనుకుంటున్నం. చేసింది నువ్వు! రాసినోళ్ళ పేరు రాతల ఉండదు," అని లక్ష్మీబాయి నవ్వేసింది. కోపం లేదు ఆవిడకి. పట్టుకున్నానన్న సంతోషమే.

నిఖిత కుర్చీలోంచి లేచింది. మళ్ళీ కూర్చుంది. "అత్తమ్మా, ఇంకోసారి అను."

"ఏమని?"

"రాసినోళ్ళ పేరు..."

అనడం ఆవిడ వంతు, థీసిస్ ఆఖరి పేజీలు తిరగెయ్యడం ఈవిడ వంతు. అనుబంధం నాలుగు. మూడేళ్ళ కిందట బ్రస్సెల్స్, ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్ తిరిగి తను కలిసిన నలభై ఒక్క మంది ఉన్నారు అందులో. మంత్రులు కారు. పేపర్లో ఫొటోలు పడేవాళ్ళు కారు. ఒక్కో దేశం నుంచి వచ్చి కమిటీల్లో కూర్చుని, బ్యాంకుల రూల్స్‌ని లైను తర్వాత లైను రాసే ఆఫీసర్లు. పైవాళ్ళు సంతకం పెట్టేసరికి అన్నీ వీళ్ళు రాసేసే ఉంటారు. 'ఆ నిర్వచనం నాది', 'ఆ గడువు నేనే పెట్టాను, మా ఆఫీసుకి అప్పుడైతే వీలని' అని నవ్వుతూ చెప్పారు. ఏ చట్టంలోనూ ఒక్కరి పేరూ లేదు. అదంతా తీసుకొచ్చి తను ఎక్కడ పెట్టింది? చిట్టచివర, అనుబంధంలో. అంతంత పండితులు రెండు జట్లుగా చెబుతుంటే మధ్యలో నేనెంత, పెద్దల మాట కాదంటే ఏం బాగుంటుంది అనుకుని.

"నా మొహం మండా," అని నిఖిత నెత్తి కొట్టుకుంది. "ఐదేళ్ళు! జవాబు నా దగ్గరే పెట్టుకుని!"

"ఏమాయె బిడ్డా?" అని లక్ష్మీబాయి కంగారుపడింది. "గ్రైండర్ కడుగమన్ననని ఏడుస్తున్నవా? వద్దులే, నేనే కడుగుత." నిఖిత ఆవిడని వాటేసుకుంది. ఇన్నేళ్ళలో కోడలు అలా వాటేసుకోవడం అదే మొదటిసారి. ఆవిడకి ఏం చెయ్యాలో తోచక వీపు తట్టింది.

గురువారం. లండన్‌లో ఓ చిన్న గది, పెద్ద కిటికీ. గోడ పక్కన హెలెన్, ఆవిడ మాట్లాడకూడదు. బల్లకి అటువైపు ఇద్దరు ఎగ్జామినర్లు. యూనివర్సిటీ ఆవిడ తేలిగ్గా నాలుగు ప్రశ్నలడిగింది. ఫెర్గస్సన్ చివరిదాకా ఆగాడు. డెబ్బై దాటిన మనిషి. తెల్లటి కనుబొమలు, స్కాట్లండ్ యాస, ముందర బిస్కెట్ల ప్లేటు.

"మీరు అందరినీ గౌరవించారు. సంతోషం," అన్నాడు. "ఇప్పుడు చెప్పండి. ఎవరు కరెక్ట్?"

నాలుక చివరికి వచ్చేసింది ఆ పాత మాట, ఇద్దరూ కరెక్టేనని. ఒక గుటక మంచినీళ్ళు తాగింది.

"ఇద్దరూ కాదు," అంది.

హెలెన్ పెన్ను కింద పడింది.

"ఒక పని ఇంకో పనిని దానంతట అది తీసుకురాదు. ఎవరో ఒకరు రాయాలి. దేశాలు బేరమాడాయన్న మాట కూడా సగమే. బేరానికి వచ్చేసరికే కాగితం తయారై ఉంది. ఆ కాగితం రాసినవాళ్ళే ఈ విధానాన్ని నడిపారు. నా అనుబంధం నాలుగులో నలభై ఒక్క మంది ఉన్నారు. అది అనుబంధం కాదు. అదే నా థీసిస్. తప్పుచోట పెట్టాను."

ఫెర్గస్సన్ కనుబొమలు దగ్గరికొచ్చాయి. "అమ్మాయ్, నాకు తెలిసింది పుస్తకాల్లోంచి మాత్రమే కాదు. అలాంటి కమిటీలో మూడేళ్ళు నేనే కూర్చున్నాను, మా ప్రభుత్వం తరఫున. అక్కడ బేరమాడింది దేశాలే. నేను ఆ గదిలో ఉన్నాను."

ఇదీ అసలు పరీక్ష. పెద్దమనిషి, స్వయంగా చూశానంటున్నాడు. నిఖితకి అమ్మమ్మ పప్పు గుర్తొచ్చింది, కడుపునొప్పి గుర్తొచ్చింది.

"అవునండీ, ఆ గదిలో మీరున్నారు," అంది నెమ్మదిగా. "మీ మంత్రిగారు ఉన్నారా?"

ఫెర్గస్సన్ బిస్కెట్ ఒకటి తీసుకున్నాడు. కొరకలేదు.

"మూడేళ్ళలో ఒక్కసారి వచ్చాడు," అన్నాడు చివరికి. "ఫొటో కోసం." తర్వాత భుజాలు ఎగిరేలా నవ్వడం మొదలెట్టాడు. "ఏడో నిబంధన నాది. ముప్ఫై రోజుల గడువు. ముప్ఫయ్యే ఎందుకో ఎప్పుడూ ఎవరూ అడగలేదు. నా పెళ్ళి సెలవుకి అడ్డం రాకుండా!"

ఇరవై నిమిషాలు బయట కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. పాస్. చిన్న దిద్దుబాట్లు, మూడు నెలల గడువు. దిద్దుబాటు అంతా ఒక్కటే: అనుబంధాన్ని తెచ్చి మొదటి అధ్యాయం చెయ్యాలి. హెలెన్ గట్టిగా చెయ్యి నొక్కింది. రైల్లో నిఖిత ఏడ్చింది, నవ్వింది, ఎదురు సీటాయన టిష్యూ ఇస్తే ఆయనకి గ్రైండర్ సంగతి మొత్తం చెప్పింది. పాపం ఆయన తన స్టేషన్ దాటిపోయాడు.

ఇంట్లో గారెల వాసన. గుమ్మంలోనే లక్ష్మీబాయి పట్టుకుంది. "ఏమాయె? పాసేనా?"

"పాసే అత్తమ్మా. మూడు నెలలు దిద్దాలంట."

"దిద్దుడేంది? అంటే సగం పాసా?"

"మొత్తం పాసండీ వదినగారూ!" అని లోపల్నుంచి ఎలిజబెత్ ఆంటీ కేకేసింది. "మా డాక్టర్లూ అంతే, పాసయ్యాక కూడా దిద్దుకుంటానే ఉంటారు. రామ్మా డాక్టరమ్మా, వేడివేడివి!"

కౌశిక్ పూలగుత్తి తెచ్చాడు. వంట మాత్రం చెయ్యలేదు, దేవుడి దయ. నిఖిత గారె కొరుకుతూ, పెరుగు కోసం గ్యారేజీలో ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

తన రోటా లేదు. దాని స్థానంలో కొత్త కాగితం. స్కెచ్ పెన్నులతో, సంజన దస్తూరీ, అంచులకి పువ్వులు. గ్రైండర్ కడగవలసినవాళ్ళు: శుక్రవారం నిఖిత. శనివారం నిఖిత. ఆదివారం నిఖిత. మూడు నెలలు. మిగతా రోజులు మిగతా ఇళ్ళవాళ్ళు. లక్ష్మీబాయి పేరు లేదు. ఎలిజబెత్ పేరు లేదు. పాత రోటాలో సంజనకి టిఫిన్లప్పుడు అందరి టీల్లో పాలు పోసే డ్యూటీ ఉండేది, అదీ మాయమైంది.

కాగితం పట్టుకుని నిఖిత వంటింట్లోకి వచ్చింది. "ఎవరు రాశారిది?"

లక్ష్మీబాయి బాండలిలోకి చూసింది. ఎలిజబెత్ ఆంటీ గారెకి చిల్లు పెట్టడంలో మునిగిపోయింది. "మమ్, ఐ ఓన్లీ రోట్ వాట్ దే సెడ్," అంది సంజన.

నిన్నటి నిఖిత అయితే సరేనని, చీర కొంగు దోపి గ్రైండర్ దగ్గరికి పోయేది. ఈ నిఖిత సొరుగులోంచి పెన్ను తీసింది.

"ఒప్పుకోను," అంది. "నాకు శనివారం ఒక్కటే. శుక్రవారం ఆంటీ. ఆదివారం అత్తమ్మ. పాలు సంజన. రాసినోళ్ళ పేర్లు కూడా ఉండాల్సిందే."

అత్తగారూ ఆంటీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. లక్ష్మీబాయి చిల్లుల గరిటె పక్కన పెట్టి, పిండి చేతులతోనే కోడలి బుగ్గలు పట్టుకుంది.

"ఇన్నేండ్లకు నోరొచ్చిందే నీకు," అంది, కళ్ళు చెమర్చి. "గిప్పుడైనవ్ డాక్టర్‌వి. ఇగో, ఈ గారె తిను. తినను అంటే గూడ ఊకోను."

"తింటా," అంది నిఖిత. ఆ ఒక్కటీ కాదనలేదు.